పుచ్చు ఎంతదాకా ఉంటే అంతదాకా

ఏప్రిల్ 15 వచ్చిందంటే నెల్లూరు తీరంలో ఇంజిన్ల చప్పుడు ఆగిపోతుంది. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతటా మరపడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. తుమ్మలపెంట, ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కొత్తకోడూరు, ఏ పాలెంలో చూసినా ఫైబర్ పడవలన్నీ ఇసుక మీద వరసగా ఉంటాయి. చినిగిన వలలు అల్లుకుంటారు, ఇంజిన్లు విప్పి బాగుచేయించుకుంటారు, పడవలకు రంగులు వేస్తారు. ఈ పనుల మధ్య ఒకటి మాత్రం ఏటా వచ్చే ఏటికి వాయిదా పడుతూ ఉంటుంది. ఇంజిన్‌ను మోసే వెనక పలక లోపల పుచ్చిపోయిన చెక్కను తీసి కొత్తది పెట్టడమే ఆ పని.

వాయిదాకు కారణం ఉంది. వలకు కన్నం పడితే కనపడుతుంది. ఇంజిన్ మొరాయిస్తే వినపడుతుంది. వెనక పలక మాత్రం రెండు వైపులా ఫైబర్ కప్పుకొని, పైన రంగు పూసుకొని, లోపల పుచ్చిన చాన్నాళ్లకు కూడా చక్కగానే కనిపిస్తుంది. కంటికి కనపడని చెడును రేపటికి నెట్టడం మనిషి స్వభావం. ఈ అలవాటు నుంచి బయటపడటానికి మంచి మాటలు చాలవు. చెడు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి తెలియాలి, దాన్ని తీసే క్రమం తెలియాలి. ఆ రెండూ తెలిసినవాళ్లు పనిని వాయిదా వేయరు.

ఫైబర్ పడవ అంటే మొత్తం ఫైబరే అనుకుంటారు చాలామంది. పడవ దేహం వరకు అది నిజమే. వెనక పలక దగ్గర, బోటు యార్డుల్లో ట్రాన్సమ్ అనే చోట, పాత పడవల్లో చాలావాటికి లోపల చెక్కే ఉంటుంది. బయట ఒక ఫైబర్ పొర, లోపలి వైపు ఇంకో పొర, మధ్యలో సుమారు అంగుళమున్నర మందాన ప్లైవుడ్డో కోత చెక్కో. ఈ మూడూ ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకొని ఉన్నంతసేపే దానికి బలం. 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ సుమారు 40 కిలోలు తూగుతుంది. ఆ బరువుతోపాటు ఇంజిన్ ముందుకు నెట్టే బలం, కెరటం మీంచి పడవ కిందికి పడినప్పటి దెబ్బ, ఒడ్డు దగ్గర ఫ్యాను ఇసుకకు తగిలినప్పటి అదురు, అన్నీ ఆ పలకే కాచుకోవాలి. బోగోలు మండలం జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్ కట్టారు గానీ, ఈ తీరంలో చాలా ఊళ్లవాళ్లు ఇప్పటికీ పడవను అలల్లోంచే దించుతారు, అలల్లోంచే ఒడ్డుకు లాగుతారు. హార్బర్ గోడ చాటున కట్టేసి ఉండే పడవ పలకకూ, రోజూ అలలు దాటే పడవ పలకకూ పడే శ్రమ ఒకటి కాదు.

పేరున్న పడవలకు కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. అమెరికాలో 1958లో వచ్చిన బోస్టన్ వేలర్ లోపలంతా ఫోమ్ నింపిన పడవ. దాన్ని మధ్యకు రంపంతో కోసినా మునగదని దాని సృష్టికర్త డిక్ ఫిషర్ చేసి చూపించిన ఫొటోలు 1961లో లైఫ్ పత్రికలో వచ్చాయి. మునగదని ప్రపంచానికి రుజువు చేసిన ఆ పడవకు కూడా ఇంజిన్ బిగించే చోట ప్లైవుడ్డే పెట్టారు. పాత వేలర్లు కొనేవాళ్లు ముందుగా తట్టి చూసేది ఆ చోటే.

మన తీరానికి ఫైబర్ పడవలు వచ్చిన దారి వేరు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్, అలల్లోంచి ఒడ్డెక్కగల ఫైబర్ పడవల మీద 1980లలో ప్రయోగాలు చేసింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పరిస్థితి మారిపోయింది. తెప్పలు, నావలు పోగొట్టుకున్న కుటుంబాలకు తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ పెద్ద సంఖ్యలో ఫైబర్ పడవలు ఇచ్చాయి. ఆ హడావుడిలో కట్టిన పడవలన్నీ ఒకే నాణ్యతతో లేవు. వాటిలో ఇంకా నడుస్తున్నవాటి వయసు ఇప్పుడు ఇరవై ఏళ్లకు పైనే. లోపల ఏ చెక్క పెట్టారో, దాని అంచులకు రెజిన్ పట్టించారో లేదో యజమానికి తెలిసే అవకాశం లేదు.

చెక్కను పుచ్చబెట్టేది బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అది పెరగలేదు. 30 శాతం దగ్గరికి చేరి, కాస్త గాలి ఆడి, 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే విజృంభిస్తుంది. నెల్లూరు వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు ఆ వేడి ఉండనే ఉంటుంది. ఇక కావలసింది నీళ్లే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. చెక్కను సముద్రపు నీరు పాడుచేసిందని అనుకుంటారు. ఉప్పునీరు ఈ బూజును కొంత అణచే ఉంచుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో చెక్క ఓడలు కట్టేవాళ్లు పక్కటెముకల్లాంటి దూలాల మధ్య కావాలనే రాతి ఉప్పు కూరేవాళ్లు, పుచ్చు పట్టకుండా. అసలు హాని వాననీటిది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను వేళల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ముందు భాగం పల్లానికి ఉందా, వెనక భాగం పల్లానికి ఉందా అని ఎవరూ చూడరు. వెనక్కి వాలి ఉన్న పడవలో నీళ్లన్నీ ఆ పలక అడుగునే నిలుస్తాయి. ఇంజిన్ బోల్టు రంధ్రం, నీళ్లు పోయేందుకు పెట్టిన బిరడా రంధ్రం, పలక పైఅంచులో పగులు, ఎప్పుడో స్క్రూ దిగగొట్టి తీసేసిన కన్నం, వీటిలో ఏదో ఒకదాన్నుంచి నీరు చెక్కలోకి చేరుతుంది. దిగిన నీరు మళ్లీ బయటికి రాలేదు, రెండు వైపులా ఫైబర్ మూసి ఉంటుంది కాబట్టి.

అంటే బాగుచేయవలసినవి రెండు. పుచ్చిన చెక్క ఒకటి, నీరు దిగిన దారి రెండోది. మొదటిది చేసి రెండోది వదిలేస్తే కొన్నేళ్లకు మళ్లీ అదే పలక కోసుకోవలసి వస్తుంది.

పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ ఉండగానే దాని కిందిభాగాన్ని చేత్తో పట్టుకొని పైకీ కిందికీ ఊపి, పక్కనుంచి ఇంకొకరు పలకను గమనించాలి. పలక వంగితే, పడవ పక్కగోడలు పలకను కలిసే మూలల్లో సన్నని పగుళ్లు తెరుచుకుంటే, అనుమానం బలపడినట్టే. తర్వాత ఇంజిన్ దించి, సుత్తి పిడితో జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చిన చోట శబ్దం మొద్దుగా, చచ్చుగా వస్తుంది. అలాంటి చోట సుద్దముక్కతో గీత గీయాలి. చివరగా, లోపలి వైపు నుంచి చిన్న డ్రిల్లుతో చెక్కలోకి రంధ్రం వేయాలి, బయటి పొర తగలకుండా. పొడి పొడిగా లేత రంగు రజను వస్తే మంచిది. నల్లగా, తడిగా, కంపు కొట్టే ముద్ద వస్తే సందేహం తీరినట్టే. బోల్టుల కింద, బిరడా చుట్టూ, అడుగు మూలల్లో, ఈ చోట్ల తప్పకుండా చూడాలి. చెక్క బాగున్నట్టు తేలితే ఆ రంధ్రాలను అదే రోజు ఎపాక్సీతో మూసేయాలి. పరీక్ష కోసం వేసిన కన్నమే రేపు నీటికి దారి కాకూడదు.

ఫలితం చేదుగా వచ్చినప్పుడు రెండు ఉపాయాలు ముందుకొస్తాయి, రెండూ పనికిరానివే. ఒకటి, పైనుంచి ఇంకో రెండు పొరలు ఫైబర్ వేయడం. కొత్త పొర పాత పొరను పట్టుకుంటుంది గానీ, పాత పొర వెనక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది, పుచ్చు మీద రంధ్రాలు వేసి పలచని ఎపాక్సీ పోయడం. తడిసిన చెక్కలోకి అది అంతటా పాకదు. పాకిన చోట కూడా ముద్ద గట్టిపడుతుందే తప్ప చెక్క పీచుకు ఉన్న బలం తిరిగి రాదు. కిటికీ తలుపు అంచుకు ఆ ఉపాయం చాలు. తీరానికి కొన్ని మైళ్ల దూరాన ఇంజిన్‌ను మోయవలసిన పలకకు చాలదు.

కాబట్టి తెరవాల్సిందే. తెరిచే ముందు పడవను ఇసుక బస్తాల మీద సమంగా కూర్చోబెట్టాలి. పలక తీసేశాక పడవ వెడల్పు మారిపోతుంది కాబట్టి, రెండు పక్కగోడలకూ అడ్డంగా ఒక గట్టి బద్ద బిగించాలి. బయటి పొర చదునుగా నిలబడేలా దానికి కూడా బయట నుంచి తిన్నని చెక్కలు కట్టాలి. పలక మందం, ఎత్తు, ఇంజిన్ బోల్టుల కొలతలు ఒక అట్ట మీద గీసి పెట్టుకోవాలి. పడవ వెనక గదిలో థర్మకోల్ దిమ్మెలు ఉంటే వాటిని బయటికి తీసేయాలి. పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మకోల్‌ను కరిగించేస్తుంది.

ఒడ్డు పడవలకు లోపలి వైపు నుంచి తెరవడమే మేలు. బయటి రూపు చెడదు, కప్పు లేని పడవలో చేతులాడేంత చోటూ ఉంటుంది. చుట్టూ రెండంగుళాల అంచు వదిలి, గ్రైండరుతో లోపలి ఫైబర్ పొర మందం మేరకే గీత కోసి, ఉలితో లేపితే ఆ పొర ఊడి వస్తుంది. పుచ్చు ఎక్కువగా ఉన్న పలక అయితే చేత్తో లాగినా వచ్చేస్తుంది. ఇక్కడినుంచి మనసు గట్టి చేసుకోవాలి. సుద్దగీత దాకా తీసి ఆపాలనిపిస్తుంది. అక్కడినుంచి కాస్త నల్లగా, కాస్త గట్టిగా ఉన్న చెక్క మొదలవుతుంది, దాన్ని ఉంచేద్దామనిపిస్తుంది. ఉంచకూడదు. బూజు కంటికి కనిపించే హద్దు దాటి చెక్కలోకి పాకి ఉంటుంది. పొడిగా, లేత రంగులో, ఉలి మొన దిగకుండా ఎదురు తిరిగే చెక్క వచ్చేదాకా తీస్తూనే పోవాలి. ఎక్కువసార్లు మొత్తం పలకే తీయవలసి వస్తుంది, అదే మంచిది కూడా. సగం పాత చెక్క, సగం కొత్త చెక్క కలిసిన అతుకు ఇంజిన్ కిందనే పడితే ఆ పలక అక్కడే విరుగుతుంది.

ఈ పనిలో లేచే ఫైబర్ దుమ్ము గురించి ఒక మాట. ఒళ్లంతా దురద పెట్టడం చిన్న విషయం, ఊపిరితిత్తుల్లోకి పోవడం పెద్ద విషయం. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. దుమ్మును ఆపే అసలైన మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ఉండాలి. కోసిన ముక్కలూ పొడీ ఇసుకలో పూడ్చేయకూడదు. ఆ ఇసుకలోనే పిల్లలు ఆడుకుంటారు.

చెక్క తీసేశాక తొందరపడకుండా ఆరనివ్వాలి. ఇక్కడే నెల్లూరు ఎండలు కలిసొస్తాయి. మేలో రెండు మూడు రోజులు బాగా ఎండితే లోపలి ఫైబర్ పొడిబారుతుంది. రాత్రి మంచు తగలకుండా టార్పాలిన్ కప్పాలి. ఆ తర్వాత ముతక ఎమరీ చక్రంతో పాత ఫైబర్ అంతా గీకి, అసిటోన్‌తో తుడవాలి. నూనె, గ్రీసు, చేప జిగురు ఏమాత్రం మిగిలినా రెజిన్ పట్టదు. చుట్టూ వదిలిన అంచునూ, పక్కగోడలు, అడుగు భాగాన్నీ ఏటవాలుగా గీకాలి. పొర ఐదు మిల్లీమీటర్ల మందం ఉంటే ఆ వాలు ఆరు సెంటీమీటర్ల దాకా ఉండాలి. నిట్టనిలువు అంచుకు అతికించిన పొర ఆ గీత దగ్గరే చీలుతుంది.

చెక్క కొనేటప్పుడు దుకాణదారు చెప్పే వాటర్‌ప్రూఫ్ అన్న మాటను బట్టి కొనకూడదు. పలక మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఐఎస్ 710 అన్న సంఖ్య అచ్చై ఉందో లేదో చూడాలి. మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం అదే. దాని జిగురును 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ఐఎస్ 303 ఇంటి సామానుకు వాడేది. అయితే ఐఎస్ 710లో కూడా ఊడనిది జిగురు మాత్రమే, దానిలోని చెక్క తడిసి తడిసి ఉంటే ఏదో ఒకనాటికి పుచ్చుతుంది. 18 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపితే చాలా పడవల పాత మందానికి సరిపోతుంది. కోసిన ప్రతి అంచుకూ, రెండు ముఖాలకూ రెజిన్ పట్టించాలి. ఎండ వాలి వేడి తగ్గుతున్న వేళ పట్టిస్తే చెక్క ఆ రెజిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. పొద్దున ఎండ ఎక్కుతుండగా పట్టిస్తే చెక్కలోని గాలి వేడెక్కి బుడగలై పైకి వస్తుంది, ప్రతి బుడగా ఒక సూదికన్నం వదులుతుంది.

రెజిన్ ఏది వాడాలన్నది ఖర్చుతో ముడిపడిన ప్రశ్న. ఎపాక్సీ చెక్కను పట్టుకున్నంత గట్టిగా పాలిస్టర్ పట్టుకోదు. ఎపాక్సీ ధర చాలా ఎక్కువ. చెక్కకు పట్టించడానికీ, చెక్కను బయటి పొరకు అతికించడానికీ అయినా ఎపాక్సీ వాడగలిగితే ఆ డబ్బు వృథా కాదు. అయితే ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అతకదు, కాబట్టి అక్కడ ఎపాక్సీతో మొదలుపెట్టినవాళ్లు పై పొరలు కూడా దానితోనే వేయాలి. మామూలు ఫైబర్ మ్యాట్‌లో తరిగిన పీచును కలిపి ఉంచే బైండరు స్టైరీన్‌లో కరిగేలా తయారైంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. అందుకని ఎపాక్సీకి నేసిన గుడ్డో, కుట్టిన గుడ్డో వాడాలి. అంత స్తోమత లేకపోతే మొత్తం పాలిస్టర్‌తోనే శ్రద్ధగా చేయవచ్చు. రెండూ కలగాపులగం చేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది.

పాలిస్టర్‌తో పనిచేసేవాళ్లు గుర్తుంచుకోవలసిన ప్రమాదం ఒకటుంది. కోబాల్ట్ యాక్సిలరేటర్, హార్డెనర్ అనే కేటలిస్ట్ ఈ రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపేయాలి. ఆ తర్వాతే హార్డెనర్. రెండు సీసాలూ ఒకే పెట్టెలో ఉంచకూడదు, ఒకే కొలతగిన్నె వాడకూడదు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం పావుగంట నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి. హార్డెనర్ మోతాదు రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం, అంటే కిలోకు 10 నుంచి 20 గ్రాములు. 40 డిగ్రీల ఎండలో 1 శాతం దగ్గరే ఉండాలి, లేకపోతే బ్రష్ ఆడించేలోపే గడ్డకడుతుంది. అలాగని 1 శాతం కంటే తగ్గిస్తే రెజిన్ ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. తాటాకు పందిరి వేసుకొని, మంచు తడి ఆరాక మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం కాకముందే ముగించడం మంచిది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే తేమా ఇసుకా రెండూ తెస్తుంది.

కొత్త పలకను చిక్కటి రెజిన్ ముద్దతో అతికించేటప్పుడు ముద్ద అంతటా పరుచుకోవాలి. పాలిస్టర్‌కు టాల్క్ పొడీ తరిగిన ఫైబరూ, ఎపాక్సీకి సన్నని రంపంపొట్టూ కలిపితే ముద్ద చిక్కబడుతుంది. పలక వెనక గాలి ఇరుక్కున్న చోటల్లా రేపటి నీటి గుంట తయారైనట్టే. మైనం పూసిన బోల్టులతో మెల్లగా బిగిస్తే నాలుగు అంచుల నుంచీ ముద్ద బయటికి రావాలి. మరీ బిగిస్తే జిగురంతా కారిపోయి అతుకు పొడిబారుతుంది. మూలలను అదే ముద్దతో గుండ్రంగా తీర్చాలి. ఆ తర్వాత పాలిస్టర్ అయితే మ్యాట్ ఒక పొర, రోవింగ్ అనే నేసిన గుడ్డ ఒక పొర, మార్చి మార్చి వేసుకుంటూ, ఒక్కొక్క పొరనూ పక్కగోడల మీదికీ అడుగు మీదికీ ముందుదానికంటే కాస్త ఎక్కువ పాకించాలి. చివరి పొర జానెడు దాకా పాకాలి. ఒక విడతలో మూడు నాలుగు పొరలకు మించితే వేడి పుట్టి రెజిన్ పగుళ్లిస్తుంది. రోలరుతో బుడగలన్నీ వెళ్లగొట్టాలి. పలక నుంచి అడుగుకు రెండు వైపులా ముక్కోణపు ఆనింపులు కట్టి వాటి మీదా ఫైబర్ వేస్తే, ఇంజిన్ బలం పలక ఒక్కదాని మీదే పడకుండా పడవ అంతటా పరుచుకుంటుంది.

ఇప్పుడు మళ్లీ రంధ్రాలు వేయాలి. పాత పడవ పాడైంది ఈ రంధ్రాల దగ్గరే కాబట్టి ఇక్కడ చూపే శ్రద్ధే మొత్తం మరమ్మతు ఆయుష్షును నిర్ణయిస్తుంది. బోల్టు కంటే బాగా పెద్ద రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక సరిగ్గా మధ్యలో బోల్టు సైజు రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది, సీలెంట్ చెడిపోయినా నీరు చెక్కను తాకదు. బిరడా రంధ్రానికి కూడా ఇదే పద్ధతి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, పడవలకు వాడే పాలియురేథేన్ సీలెంట్, వెనక వెడల్పాటి ప్లేటు. బాత్రూముకు వాడే సిలికాన్ ఈ పనికి వద్దు. పలక పైఅంచును ఫైబర్‌తో పూర్తిగా మూసి, ఇంజిన్ క్లాంపు కొరికే చోట ఒక అల్యూమినియం రేకో గట్టి రబ్బరు పలకో పెట్టాలి.

రంగు, చివరి నునుపు ఎవరికి ఎలా నచ్చితే అలా. ఇంజిన్ ఎక్కించడానికి కనీసం వారం ఆగాలి. ఎక్కించాక మొదటి రోజు ఒడ్డు కనపడే దూరంలోనే తిరగాలి. కొద్ది వేటల తర్వాత బోల్టులను మళ్లీ బిగించి, మూలల్లో కొత్త పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడాలి.

మొత్తం పనికి, ఎండబెట్టే రోజులు, రెజిన్ గట్టిపడే రోజులు కలుపుకొన్నా, నిషేధ కాలంలో మూడు వారాలు చాలు. ఆ కాలానికి ప్రభుత్వమిచ్చే సాయాన్ని 2025లో కుటుంబానికి 10,000 రూపాయల నుంచి 20,000కు పెంచారు. అది ఇంటి ఖర్చుకే సరిపోతుంది. అందుకే పలక కోసం వేట రోజుల్లోనే కొంత పక్కన పెట్టుకోవడం అవసరం. ఏప్రిల్ మూడో వారంలో ఇంజిన్ దించి, సుత్తి పిడితో తట్టి చూడండి. మే చివరికి నెట్టితే ఎండబెట్టడానికి రోజులు చాలవు. జూన్‌లో తొందరపడి తడి చెక్క మీద ఫైబర్ వేస్తే వేయనట్టే. అక్టోబరులో వానలు మొదలయ్యే ముందు బిరడా తీసేసి, ఆ రంధ్రం గుండా నీళ్లు బయటికి పోయేలా ముందు భాగం ఎత్తుగా ఉంచి పడవను నిలిపి, పైన టార్పాలిన్ కట్టండి.